పనుల గందరగోళంలో ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది: చీటీ, నాలుగు గదులు, గంటల పట్టిక, బోర్డు

మా వీధికి ఉదయం ఆరున్నరకు కుళాయి నీళ్లు వచ్చి ఏడింటికి ఆగిపోతాయి. సరిగ్గా ఆ అరగంటలోనే కుక్కర్ కూత వేస్తుంది, పాలు పొంగుకొస్తాయి, కాలేజీ బస్సు వీధి మలుపు తిరుగుతుంది. మూడేళ్ల క్రితం మా అత్తగారు స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగి మంచాన పడ్డారు. అప్పుడు మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది, నేను కాలేజీలో రోజుకు నాలుగు క్లాసులు చెబుతున్నాను, మావారు పొరుగు జిల్లాలో ఉద్యోగం చేస్తూ వారానికి రెండు రోజులు మాత్రమే ఇంట్లో ఉండేవారు. ఆ ఏడాదిలో, పనులను ఒక వరుసలో పెట్టుకోవడానికి జనం వాడే నాలుగు పద్ధతులను ఒకదాని తరవాత ఒకటి పట్టుకున్నాను. నాలుగింటిలో ఏదీ చెడ్డది కాదు. అయితే ఒక్కొక్కటి ఒక్కో రకం చిక్కును విప్పడానికి పుట్టింది. మన చిక్కు ఏ రకమో తేల్చుకోకుండా పద్ధతిని ఎంచుకుంటే, పని కాలేదన్న బాధకు పద్ధతి పాటించలేకపోయామన్న బాధ కూడా తోడవుతుంది.

ముందు చిక్కు ఏ రకమో చూసుకోవాలి

ఇంట్లో గందరగోళం అని మనం ఒకే మాటతో పిలిచేదానిలో నిజానికి మూడు వేరువేరు సంగతులు కలిసి ఉంటాయి.

మొదటిది, ప్రతిసారీ ఒకే చోట తగిలే చిక్కు. ఐడీ కార్డు కనబడకపోవడం, పప్పు ఉడుకుతుండగా గ్యాస్ అయిపోవడం, ఇస్త్రీకి ఇచ్చిన యూనిఫాం తెచ్చుకోవడం మరిచిపోవడం ఇలాంటివే. వీటికి ఏ ప్రాధాన్యాల పద్ధతీ అక్కర్లేదు. గుమ్మం పక్కన ఒక మేకు కొట్టి కార్డును దానికే తగిలించడం, గోడ మీది తెలుగు క్యాలెండర్ గడిలో పాల లెక్క పక్కనే సిలిండర్ మార్చిన తేదీ రాయడం, వీలైతే రెండో సిలిండర్ తీసుకోవడం చాలు. ఇలాంటి చిక్కులను సహించడం ఓర్పు అనిపించుకోదు; ఒక్క ఆదివారం వెచ్చిస్తే చాలావరకు తీరిపోతాయి.

రెండోది, ఎప్పుడు వస్తుందో తెలియని చిక్కు. పిల్లలకు జ్వరం రావచ్చు, చుట్టాలు చెప్పకుండా దిగవచ్చు, ఇంటి పనికి వచ్చే ఆమె ఊరికి వెళ్లవచ్చు, రాత్రంతా కరెంటు పోవచ్చు. ఏది వస్తుందో తెలియకపోయినా ఏదో ఒకటి వస్తుందని మాత్రం మనకు బాగా తెలుసు. ఒప్పుకోవలసిన గందరగోళం ఇదే, దాన్ని ఒప్పుకోవడమంటే చేతులు ముడుచుకు కూర్చోవడం కాదు, దానికి రోజులో ఖాళీ ఉంచడం. పనికి ఎంత సమయం పడుతుందో తక్కువగా అంచనా వేసుకోవడం మనిషికి ఉన్న సహజ దోషమని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. 1994లో రోజర్ బ్యూలర్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధనలో, సిద్ధాంత వ్యాసం రాస్తున్న విద్యార్థులు సగటున 34 రోజుల్లో ముగిస్తామని చెప్పి, నిజానికి 55 రోజులకు పైగా తీసుకున్నారు. తమ పని తమకే బాగా తెలిసిన వాళ్ల అంచనాలే అలా తప్పినప్పుడు, మంచాన ఉన్న పెద్దావిడ, పరీక్షల పిల్ల ఉన్న ఇంట్లో గంట గంటకూ పని నింపుకోవడం ఎంత పొరపాటో నాకు ఆలస్యంగా అర్థమైంది. ఇప్పుడు రోజులో మూడో వంతు దేనికీ కేటాయించకుండా వదిలేస్తాను, అది ఎలాగూ నిండిపోతుంది.

మూడోది గందరగోళంలా కనిపించినా నిజానికి పంపకంలో ఉన్న లోపం. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, అదే పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. రోజుకు ఐదు గంటల దాకా ఒక్కరి మీదే పడుతున్న చోట ఆ ఒక్కరికి మంచి పద్ధతి నేర్పితే సమస్య తీరుతుందని నేను నమ్మను. ముందు ఆ బరువు ఇంట్లో మిగతావాళ్లకు కనబడాలి.

ఆరు పనుల చీటీ

రాత్రి పడుకోబోయే ముందు, మరునాడు చేయవలసిన ఆరు పనులను ముఖ్యమైనదానితో మొదలుపెట్టి వరుసగా రాసుకోవాలి. పొద్దున మొదటిది ముగిసేదాకా రెండోదాన్ని ముట్టుకోకూడదు. సాయంత్రానికి మిగిలినవి మరునాటి చీటీలోకి వెళ్తాయి. 1918లో ఐవీ లీ అనే సలహాదారు అమెరికాలో బెత్లెహెమ్ స్టీల్ కంపెనీ అధిపతి చార్లెస్ ష్వాబ్‌కు దీన్ని నేర్పారని చెప్పుకుంటారు.

ఈ పద్ధతిలో నాకు నచ్చినది పగటి పని కన్నా రాత్రి నిద్ర. సగంలో ఆగిన పని మనసును వదలదని బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, బెర్లిన్‌లో చేసిన ప్రయోగాలను బట్టి 1927లో చెప్పారు. అయితే ఆ పనిని ఎప్పుడు, ఎలా చేస్తామో ఖచ్చితంగా రాసుకుంటే, అది పూర్తి కాకపోయినా మనసును తొలిచే గుణం తగ్గుతుందని 2011లో మాసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. చీటీ రాసిన రాత్రి నిద్ర పట్టడానికి కారణం బహుశా ఇదే.

దీని లోపం మాత్రం చిన్నది కాదు. రోజు తమ చేతిలో ఉన్నవాళ్లకే ఇది సాగుతుంది. మా ఇంట్లో మొదటి పని ముగియకముందే అత్తగారికి పక్క మార్చాల్సి వచ్చేది. అందువల్ల ఐదో పని, ఆరో పని రోజూ కిందికి జారేవి. ఆమె పింఛనుకు ఏటా ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ పని పదకొండు రోజులు ఒక చీటీ నుంచి ఇంకో చీటీకి మారింది. ఆ సర్టిఫికెట్ అందకపోతే పింఛను ఆగిపోతుంది. తీరా చూస్తే ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ అనే ప్రభుత్వ యాప్ తెరిచి, ఆమె ముఖాన్ని కెమెరాకు చూపించి, మంచం దగ్గరే పది నిమిషాల్లో ముగించాం. ఒంటరిగా ఉండేవాళ్లకు, స్థిరమైన వేళలున్న ఉద్యోగులకు చీటీ మంచిది. చంటిపిల్లలు గానీ రోగులు గానీ ఉన్న ఇంట్లో దాన్ని మూడు పనులకు కుదించి వాడుకోవాలి.

నాలుగు గదులు

కాగితం మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీస్తే నాలుగు గదులు వస్తాయి. తొందరగా చేయవలసినవీ ముఖ్యమైనవీ ఒక గదిలో, ముఖ్యమే గానీ తొందర లేనివి రెండో గదిలో, తొందరే గానీ ముఖ్యం కానివి మూడో గదిలో, రెండూ కానివి నాలుగో గదిలో వేయాలి. దీన్ని అమెరికా అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ పేరుతో పిలుస్తారు. 1954లో ఎవాన్‌స్టన్ నగరంలో చేసిన ప్రసంగంలో ఆయన, తనకు రెండు రకాల సమస్యలు ఉన్నాయనీ, తొందరపెట్టేవి ముఖ్యమైనవి కావనీ, ముఖ్యమైనవి ఎన్నడూ తొందరపెట్టవనీ చెప్పారు. ఆ మాట తనది కాదనీ, ఒక పాత కళాశాల అధ్యక్షుడిదనీ కూడా అక్కడే చెప్పారు. గదులు తరవాతి వాళ్లు గీసినవి.

రెండో గది అంటే ఏమిటో మన వంటింట్లో పెరిగిన వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆదివారం పొద్దున ఇడ్లీ కావాలంటే శనివారం మధ్యాహ్నమే మినప్పప్పు నానబోయాలి, సాయంత్రం రుబ్బాలి, రాత్రంతా పిండి పులవాలి. శనివారం మధ్యాహ్నం ఆ పప్పు ఎవరినీ పిలవదు, బెల్లు కొట్టదు. అది నానబోయని సంగతి ఆదివారం ఏడింటికి అందరూ బల్ల చుట్టూ కూర్చున్నాక తెలుస్తుంది, అప్పటికి ఎంత పరుగెత్తినా లాభం లేదు. లైఫ్ సర్టిఫికెట్, పంటికి తొలి నొప్పి, ఇంటి పన్ను గడువు, ఎదిగిన పిల్లతో తీరిగ్గా మాట్లాడవలసిన మాట, ఇవన్నీ నానబోయాల్సిన పప్పు లాంటివే. నాలుగు గదులు గీసినందువల్ల కలిగే అసలు మేలు ఆ రెండో గది కంటికి కనబడడమే. పని విలువ తక్కువైనా, గడువు దగ్గరపడుతోందన్న భావన ఉంటే చాలు మనుషులు దానివైపే మొగ్గుతారని మెంగ్ ఝూ బృందం 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది. ఫోన్ మోగగానే పొయ్యి మీది పాలు వదిలి పరుగెత్తే మనకు అది కొత్త సంగతి కాదు.

అయినా ఈ పద్ధతిని రోజూ వాడమని నేను చెప్పను. ఇందులో మూడో గది పనులను ఇంకొకరికి అప్పగించమంటారు. దేశాధ్యక్షుడికి అప్పగించడానికి కార్యాలయం నిండా మనుషులు ఉంటారు, మూడు గదుల అద్దె ఇంట్లో వంట చేస్తూ ఉద్యోగం చేసే మనిషికి ఎవరున్నారు? పైగా ముఖ్యమైనది ఏదో నిర్ణయించే అధికారం ఒక్కరిదే అన్నట్టు ఈ పటం తయారైంది. దూరపు బంధువుల ఇంట్లో గృహప్రవేశం నాకు నాలుగో గదిలో పడితే మావారికి మొదటి గదిలో పడింది, ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కాబట్టి ఇంట్లో నిర్ణయాలు చేసే ఇద్దరూ వారానికొకసారి, ఆదివారం సాయంత్రం టీ తాగుతూ కలిసి గీసుకుంటే ఇది పనికొస్తుంది. ఒక్కరే కూర్చుని గీస్తే తగవుకు దారి తీస్తుంది.

గంటల పట్టిక

ఏ గంటకు ఏ పని అని ముందే రాసుకోవడం బడి టైంటేబుల్ నుంచి మనందరికీ అలవాటే. దీనికి దగ్గరి చుట్టం, ఫ్రాంచెస్కో చిరిల్లో 1980ల చివర్లో ఇటలీలో విద్యార్థిగా ఉన్నప్పుడు టొమాటో ఆకారపు వంటింటి గడియారంతో మొదలుపెట్టిన పద్ధతి: 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. మా అమ్మాయి గణితం లెక్కలు ఆ 25 నిమిషాల లెక్కనే చేసింది, ఆమెకు చాలా మేలు జరిగింది. తలుపు వేసుకుని కూర్చునే వీలున్న విద్యార్థులకూ, పోటీ పరీక్షలకు చదివేవాళ్లకూ, ఇంటి నుంచి పనిచేసేవాళ్లకూ నేను మొదట సూచించేది ఇదే.

నాకు మాత్రం ఇది తొమ్మిది రోజులు కూడా సాగలేదు. ఒక గంట తప్పితే తరవాతి గంటలన్నీ కూలిపోయేవి. చివరికి పట్టికను చించేసి రెండే వేళలను ఖాయం చేసుకున్నాను: ఆరున్నర నీళ్ల వేళ, రాత్రి ఎనిమిదింటికి అత్తగారి మందుల వేళ. ఆ రెంటి మధ్య ఏది ఎటు మారినా, ఆ రెండూ కదలకుండా ఉంటే రోజు చేయి దాటిపోయినట్టు అనిపించేది కాదు.

ఫ్రిజ్ మీది బోర్డు

మా ఇంటిని నిలబెట్టింది ఇదే గనక దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. జపాన్‌లో టయోటా కార్ల కర్మాగారంలో తైచి ఓనో అనే ఇంజనీరు రెండో ప్రపంచ యుద్ధం తరవాతి సంవత్సరాల్లో ఒక ఏర్పాటు చేశారు. ముందు విభాగం సామాను వాడుకున్నాక ఒక కార్డు వెనక్కి వస్తేనే వెనక విభాగం మళ్లీ తయారు చేయాలి. ఆ కార్డు పేరు కాన్‌బాన్. పని పేరుకుపోకుండా ఆపడం దాని లక్ష్యం. తరవాత అది సాఫ్ట్‌వేర్ కంపెనీలకు, అక్కణ్ణుంచి ఇళ్లకు వచ్చింది. చేయాల్సినవి, చేస్తున్నవి, అయినవి అని మూడు నిలువు వరసలు ఉంటాయి. మధ్య వరసలో ఒక మనిషికి మూడు కాగితాలకు మించి ఉండకూడదు. నాలుగోది తేవాలంటే ఒకటి ముగించి అటువైపు పంపాలి, లేదా వెనక్కి పెట్టాలి. ఈ మూడు అన్న హద్దు లేకపోతే బోర్డు కూడా మామూలు జాబితా అయిపోతుంది.

ఫ్రిజ్ తలుపు మీద చాక్‌పీసు రంగు టేపుతో గీతలు వేసి, అతుక్కునే చిన్న కాగితాలు తెచ్చాను. నావి పసుపు, మావారివి ఆకుపచ్చ, అమ్మాయివి గులాబీ రంగు. మొదటి శనివారం రాత్రి వచ్చిన మావారు మంచినీళ్ల సీసా కోసం ఫ్రిజ్ దగ్గరకు వెళ్లి, సీసా చేతిలో పట్టుకునే చాలాసేపు నిలబడిపోయారు. తలుపు మీద 23 కాగితాలు ఉన్నాయి, వాటిలో 19 పసుపువి. నేను ఒక్క మాటా అనలేదు. ఆయన పెన్ను తీసుకుని, ఇన్సూరెన్సు కాగితాలు, కరెంటు బిల్లు, డాక్టరు అపాయింట్‌మెంటు, ఫిజియోథెరపీ మనిషిని మాట్లాడడం, ఈ నాలుగూ ఫోన్ మీద తాను ఉన్న చోటి నుంచే చేయవచ్చని ఆకుపచ్చ కాగితాల మీద తిరగరాశారు. అమ్మాయి మందుల డబ్బా నింపడం తనదంది. అంతకు ముందు ఏడు నెలలు నేను మాటలతో చెప్పలేకపోయిన సంగతిని ఆ తలుపు చెప్పింది.

బోర్డుకూ లోపాలున్నాయి. పది రోజులు ఎవరూ కాగితాలు కదపకపోతే అది గోడ బొమ్మలా మారిపోతుంది. తేదీ ఉన్న పనులు దాని మీద మరుగున పడతాయి, వాటి స్థానం క్యాలెండర్ గడి మాత్రమే. ఒంటరిగా ఉండేవాళ్లకు ఇంత హంగామా అనవసరం. ఫోన్ యాప్‌లు కూడా ఈ పనులన్నీ చేయగలవు గానీ, ఇంట్లో పెద్దవాళ్లు వాటిని తెరవరు. మంచం మీంచి అత్తగారు కళ్లజోడు పెట్టుకుని "గులాబీ రంగువి ఇవాళ ఎన్ని అయ్యాయే?" అని మనవరాలిని అడగడం యాప్‌తో జరిగేది కాదు.

మీ పరిస్థితిని బట్టి

ఒంటరిగా ఉంటూ, పనులు మరిచిపోవడమే మీ బాధ అయితే చీటీతో మొదలుపెట్టండి. రోజంతా పరుగెత్తుతున్నా ముఖ్యమైనది ఏదీ జరగడం లేదనిపిస్తే ఆదివారం నాలుగు గదులు గీయండి, రెండో గదిలోంచి ఒక్క పనిని తీసి సోమవారం చీటీలో మొదటి స్థానంలో పెట్టండి. ఈ రెండు పద్ధతులకూ పొత్తు బాగా కుదురుతుంది. చదువు, రాత, ప్రోగ్రామింగ్ లాంటి ఏకాగ్రత పనులకు గంటల పట్టిక సరిపోతుంది. ఇంట్లో ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉండి బరువంతా ఒక్కరి మీదే ఉంటే, ఎంత గొప్ప చీటీ రాసుకున్నా లాభం లేదు, నేరుగా బోర్డుకు వెళ్లండి. విదేశాల్లో ఉండి ఇక్కడి అమ్మానాన్నల పనులు ఫోన్ మీద చూసుకునే అక్కచెల్లెళ్లకూ అన్నదమ్ములకూ అదే బోర్డు పంచుకునే షీటు రూపంలో పనికొస్తుంది. ఎవరు ఏ పని పట్టుకున్నారో రాసి ఉంటే, నాన్నగారి బ్యాంకు పని చూస్తున్నది అన్నయ్యేనని తమ్ముడు, తమ్ముడేనని అన్నయ్య అనుకుంటూ కూర్చోరు. ఏది ఎంచుకున్నా మూడు వారాలు మార్చకండి. మొదటి వారం ఏ పద్ధతైనా అదనపు పనిలాగే ఉంటుంది.

వదిలేసినవాటికీ ఒక కాగితం

నాలుగు పద్ధతుల్లోనూ లేనిది ఒకటి నేను చేర్చుకున్నాను. అది ఈ ఏడాది చేయబోని పనుల కాగితం. హెర్బర్ట్ సైమన్ 1956లో, మనిషి అన్ని మార్గాలనూ తూచి అత్యుత్తమమైనదాన్ని ఎంచుకోలేడనీ, చాలు అనిపించే స్థాయి ఒకటి పెట్టుకుని దాన్ని అందుకోగానే ఆగుతాడనీ వివరించారు. ఆయనకు 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. నాకు కష్టమైనది ఆ స్థాయిని పెట్టుకోవడం కాదు, పెద్దవాళ్ల ముందు దాన్ని నోరు విప్పి చెప్పడం. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ధైర్యం చేసి, "అత్తయ్యా, ఈ ఏడు ఆవకాయ పెట్టలేను, కొని తెస్తాను" అన్నాను. ముప్ఫై ఏళ్లుగా ఆ ఇంట్లో జాడీ ఖాళీగా ఉన్న వేసవి లేదు. ఆవిడ కాసేపు కిటికీ వైపు చూసి, "సరేనమ్మా, ఉప్పు చూసి తీసుకో" అన్నారు. దానితో పాటు వాకిట్లో పెద్ద ముగ్గు, మేడ మీద వడియాలు, మూడు పెళ్లిళ్లకు స్వయంగా వెళ్లడం కూడా ఆ కాగితం ఎక్కాయి. పెళ్లివారికి ముందే ఫోన్ చేసి చెప్పాను, ఎవరూ నొచ్చుకోలేదు. చెప్పకుండా మానేసి ఉంటే నొచ్చుకునేవారు. ఉగాది పచ్చడి మాత్రం మానలేదు, వేప పువ్వు మా అమ్మాయే తెచ్చింది.

ఆసుపత్రిలో చేర్చే రోజులు వస్తే మాత్రం పైన చెప్పినవేవీ తెరవకండి. అత్తగారి ఆపరేషన్ వారంలో బోర్డు మీద ఒక తెల్లకాగితం అంటించి మూడే మూడు వాక్యాలు రాశాను: మందులు వేళకు అందాలి, ఇంట్లో ఉన్నవాళ్లు తినాలి, బంధువుల ఫోన్లన్నీ ఒక్క మావారే తీయాలి. ఎనిమిదో రోజు ఆవిడ ఇంటికి వచ్చాక, ఆ కాగితం తీసేసి, కింద ఉన్న పసుపు కాగితాల్లో ఇంకా అవసరమైనవి ఎన్ని ఉన్నాయో చూసుకున్నాం. 14 ఉండగా, 5 మిగిలాయి.